జాలీ ఎత్తు పెంచే ముందు రెండు రోజులు కూర్చుని చూడు

తమ్ముడూ, నీ ప్రశ్న రెండుసార్లు చదివాను. 18 మేకలు, అరెకరం జాగా, చుట్టూ 4 అడుగుల చైన్‌లింక్ జాలీ. పొద్దున లెక్కపెడితే అన్నీ ఉంటాయి, మధ్యాహ్నానికి నాలుగైదు పక్కాయన మిర్చి చేలో తేలతాయి. ఆయన ఇప్పటికే రెండుసార్లు పెద్దమనుషుల్లో పెట్టాడు. జాలీ మీద ఇంకో 2 అడుగులు ముళ్ళతీగ లాగిస్తే ఆగుతాయా అని అడిగావు.

నాకు తెలిసి ఆగవు. ఆ డబ్బు ఖర్చు పెట్టే ముందు రెండు రోజుల టైము ఖర్చు పెట్టు. పొద్దున ఆరింటికల్లా కొట్టానికి దూరంగా, మేకలకు కనపడని చోట కూర్చో. నువ్వు కనపడ్డావంటే ఏమీ ఎరగనట్టు నెమరేస్తూ పడుకుంటాయి, వాటికి ఆ నటన బాగా తెలుసు. మూడు సంగతులు రాసుకో: ముందుగా ఏ మేక బయటపడింది, ఎక్కడి నుంచి, ఎన్ని గంటలకు.

ఈ విషయంలో నేను చేతులు కాల్చుకున్నవాణ్ణి కాబట్టి చెప్తున్నాను. మాది దేవరకొండ వైపు. ఎర్రచెలకలు, రాళ్ళు, రేగు కంప. మేకలు పెట్టి 22 ఏళ్ళు. మొదట్లో నాకూ నీలాగే పక్క చేనుతో రోజూ గొడవే. దూకుతున్నాయనే అనుకున్నా. మేక కదా, దూకక ఏం చేస్తుంది అని. జాలీ ఎత్తు లేపడానికి తీగ చుట్ట కొనుక్కొచ్చా. పనివాళ్ళు దొరక్క నాలుగు రోజులు ఆగాల్సి వచ్చింది. ఆ నాలుగు రోజుల్లో ఒక పొద్దున గడ్డివాము చాటున కూర్చుని చూశాను.

మా మందలో ఒక బోడిది ఉండేది, కొమ్ముల్లేనిది. గోధుమరంగు, మూడో ఈత. అది జాలీ వెంబడి నింపాదిగా నడుస్తూ ఒక్కో కడీ, అంటే కంచె గుంజ, దాటగానే ఆగి, భుజంతో జాలీని ఒత్తి చూస్తోంది. వదులుగా ఉందా, బిగువుగా ఉందా అని. అలా ఏడెనిమిది కడీలు దాటింది. వాన నీళ్ళు పారి మట్టి కోసుకుపోయిన మూల దగ్గర నిలబడింది. ముందుకాళ్ళు మడిచి మోకాళ్ళ మీద దిగింది. మూతి కింద దూర్చి, మెడతో జాలీ అంచు పైకెత్తింది. తల పోయింది, భుజాలు పోయాయి, పొట్ట దగ్గర కాసేపు ఇరుక్కుంది. వెనకకాళ్ళతో ఒక్క తోపు తోసి అవతల పడింది. జాలీ మళ్ళీ తన చోట తాను వచ్చి నిలబడింది. పది గజాల దూరం నుంచి చూస్తే అక్కడ సందు ఉందనే తెలియదు. బోడిదాని వెనకే మూడు పడుచు మేకలు, అదే చోట, అదే తీరుగా మోకాళ్ళ మీద.

ఆ గుంతలో రెండు బండరాళ్ళు దొర్లించి మట్టి పోస్తే నా గొడవ సగం తీరింది. కొన్న తీగ చుట్ట ఇప్పటికీ కొట్టం వాసానికి వేలాడుతూనే ఉంది.

ఎక్కడి నుంచి పోతున్నాయో తెలిస్తే కంచెలో తప్పు దొరుకుతుంది. ఎన్ని గంటలకు పోతున్నాయో తెలిస్తే ఎందుకు పోతున్నాయో దొరుకుతుంది. రోజూ ఎండ ఎక్కే వేళకు పోతుంటే అది ఆకలి. నువ్వు మేత వేస్తున్నానన్నావు, కాదనను. ఏం వేస్తున్నావన్నదే నా అనుమానం. పొద్దునొక మోపు సూపర్ నేపియర్ గడ్డి అని రాశావు. గొర్రె అయితే తల దించుకుని అది తిని ఊరుకునేది. మేక తలెత్తి ఆకు వెతుక్కునే జీవి. వెనకకాళ్ళ మీద లేచి మండ అందుకుంటుంది, ఇక్కడ నాలుగు ఆకులు కొరికి అక్కడికి పోతుంది. 18 మేకలకు అరెకరమంటే పది రోజుల్లో ఆకన్నది ఉండదు, చివరికి వయ్యారిభామ మిగులుతుంది. ఆ తర్వాత అది కాళ్ళు సాగదీసుకునే జాగా తప్ప మేత బీడు కాదు.

లెక్క కూడా చూసుకో. 30 కిలోల మేకకు రోజుకు దాని బరువులో 3 నుంచి 4 శాతం ఎండు పదార్థం కావాలి, అంటే ఇంచుమించు ఒక కిలో. పచ్చిమేత రూపంలో అది 4 కిలోల దాకా అవుతుంది. 18 మేకలకు 70 కిలోలు. నీ మోపు ఒకసారి తూకం వేసి చూడు. వేరుశనగ కట్టె, కంది పొట్టు ఉంటే పచ్చిమేత ఆ మేరకు తగ్గించుకోవచ్చు. రొట్ట మాత్రం రోజూ ఉండాలి: అవిసె, మునగ, తుమ్మ, వేప, రావి, ఏది దొరికితే అది. సుబాబుల్ బాగా తింటాయి గానీ మొత్తం మేతలో మూడో వంతు దాటనివ్వకు, అందులో మైమోసిన్ అనే విషపదార్థం ఉంటుంది. మండలు కట్ట కట్టి, మెడ చాచితే అందేంత ఎత్తున వేలాడదీయి. కింద పడేస్తే తొక్కి, దాని మీదే ఉచ్చ పోసి, ఇక ముట్టవు. కట్టలు జాలీ పక్కన కట్టకు, జాగా నడుమ కట్టు. పైగా అవి పారిపోయే వేళకు గంట ముందే కట్టాలి. తొమ్మిదింటికి పోయే మేకకు పదింటికి మేత వేస్తే ఏం లాభం? ఉప్పు, ఖనిజ లవణాల ఇటుక ఒకటి ఎప్పుడూ అందుబాటులో ఉంచు. ఈ ఒక్క మార్పుతో పారిపోయేవి సగానికి తగ్గుతాయని నా అనుభవం.

రోజూ కాకుండా మూడు వారాలకోసారి ఒకే మేక మాయమవుతుంటే అది ఆకలి కాదు, ఎదకు వచ్చింది. 21 రోజులకోసారి, ఒకటి రెండు రోజుల పాటు. తోక ఆడిస్తుంది, ఊరికే అరుస్తుంది, మేత మానేసి జాలీ వెంట తిరుగుతుంది. ఆ రెండు రోజులు కొట్టంలో కట్టేయి. పోతుల సంగతి ఇంకా మొండి. అవతల మందలో ఎదకొచ్చిన మేక వాసన తగిలిందంటే మేకపోతుకు 4 అడుగుల జాలీ ఒక లెక్క కాదు. పోతు పిల్లల్ని మూడు నెలలకల్లా విడదీయి, విత్తనానికి పనికిరావనుకున్నవాటికి పశువుల దవాఖానాలో బర్డిజోతో, అంటే కోత లేకుండా వట్టలు కొట్టే పట్టకారుతో, నొక్కించు. తల్లిని ఒకవైపు, పాలు తాగే పిల్లను ఇంకోవైపు పెట్టినా ఇదే తంటా. సంతలో కొత్తగా కొన్న మేకనైతే వారం పది రోజులు కొట్టం దాటనీయకు, అది పాత ఇంటి దారి పట్టాలనే చూస్తుంది.

ఇక జాలీ. నువ్వు పంపిన ఫొటోలో నాకు మూడు తప్పులు కనిపించాయి.

జాలీ పొట్ట వేసింది. మేక ముందుకాళ్ళు జాలీ మీద పెట్టి నిలబడి అవతలి ఆకు అందుకుంటుంది. రోజూ పది మేకలు నిలబడితే ఎంత గేజి తీగైనా సాగుతుంది. పైన సాగినకొద్దీ కింద లేస్తుంది. మీ కడీలు 12 అడుగులకొకటి ఉన్నట్టున్నాయి, మధ్యలో ఒక్కోటి వేసి 6 చేయి, లేదంటే కనీసం 8 అడుగులకు తీసుకురా. పైన, నడుమ, కింద మూడు వరసల్లో లావు తీగ బిగించి జాలీని దానికి అడుగడుక్కీ కట్టు. మూల కడీలకు ఏటవాలుగా ఆసరా పెట్టకపోతే తీగ బిగించేకొద్దీ కడీయే లోపలికి వాలుతుంది. కింద అంచు నేలలో అర అడుగు పూడితే మంచిది. రాతి నేల, తవ్వలేం అనుకుంటే అంచు వెంబడి రాళ్ళు పేర్చు. మొదటి పెద్దవాన పడ్డ మర్నాడు చుట్టూ ఒకసారి తిరిగి చూడటం మర్చిపోకు. పిల్లమేక దూరడానికి నీ బెత్తెడంత సందు చాలు.

రెండో తప్పు, జాలీ పక్కనే పెంటకుప్ప, దాని పక్కన సిమెంటు తొట్టి. అవి రెండూ మేకకు మెట్లు. కుప్ప మీద నిలబడితే నీ 4 అడుగుల జాలీ దానికి 2 అడుగులే. లోపలి ఎత్తైన వస్తువు ఏదైనా జాలీకి 6 అడుగుల దూరం జరపాలి. మేకలకు ఎక్కడం సరదా, కాబట్టి ఆ సరదా జాగా నడుమ తీరేటట్టు ఒక రాళ్ళగుట్టో పాత బండి చక్రమో పెట్టు, ఊరికే ఎక్కి దిగుతుంటాయి.

మూడోది గేటు. నీ గేటుకు ఒకే అడ్డగడియ ఉంది. మా నల్లది అలాంటి గడియనే తెరిచేది. గేటు పక్కన నిలబడి, పైపెదవితో గడియ పిడిని పైకి తిప్పి, మూతి ఆనించి పక్కకు నెట్టేది. రెండుసార్లు పనివాణ్ణి తిట్టాను, గడియ వేయడం మరిచాడని. మూడోసారి నా కళ్ళతో చూశాను. పాపం, ఆ తిట్లు తిరిగి తీసుకోలేం కదా. గడియకు స్ప్రింగు కొక్కెం తగిలించు, కింద ఇంకో గొలుసు వేయి. గేటు లోపలికి తెరుచుకునేటట్టు ఉండాలి, అప్పుడు మేకలన్నీ దాని మీద పడి నెట్టినా అది మూసుకుంటుందే గానీ తెరుచుకోదు.

ముళ్ళతీగ ఎందుకు వద్దన్నానో చెప్తాను. ఆవుకూ గేదెకూ ముళ్ళతీగ పనిచేస్తుంది. మేక ఒళ్ళు సన్నం, తోలు వదులు, తీగకూ తీగకూ మధ్య దూరిపోతుంది. దూరలేక తగులుకుంటే పాలిచ్చేదానికి పొదుగు చీరుతుంది. వానాకాలంలో ఆ గాయానికి ఈగ వాలి పురుగులు పడితే మళ్ళీ వేరే కథ. పెద్ద కన్నాల జాలీ, అరచేయి పట్టేంత గళ్ళది, కొమ్ముల మేకలకు ఇంకా చెడ్డది. తల దూరుతుంది, వెనక్కి తీయబోతే కొమ్ములు అడ్డం పడతాయి. పొద్దున ఇరుక్కుంటే సాయంత్రం దాకా ఎండలో అలాగే, కుక్కలొస్తే పారిపోవడానికి లేదు. తరచూ ఇరుక్కునేదానికి రెండు కొమ్ముల మీద అడ్డంగా జానెడు కర్ర కట్టి నెలరోజులు వదిలెయ్. చూడ్డానికి నవ్వొస్తుంది గానీ తల దూర్చడం మానుతుంది. నీది 2 అంగుళాల కన్నం కాబట్టి ఆ బెంగ లేదు.

ఎత్తు పెంచే డబ్బుతో నేనైతే జట్కా మిషను కొంటాను, అంటే కంచె తీగలోకి కరెంటు దెబ్బ వదిలేది, సోలారుతో నడిచేది. జాలీకి లోపలివైపు జానెడు ఎడంగా రెండే తీగలు. ఒకటి నేల నుంచి ముప్పావు అడుగు ఎత్తులో, జాలీ లేపేవాటి కోసం. ఇంకోటి రెండున్నర, మూడడుగుల ఎత్తులో, జాలీ మీద కాళ్ళు పెట్టేవాటి కోసం. అది సెకనుకొకసారి, రెప్పపాటు కన్నా తక్కువసేపు వేల వోల్టుల దెబ్బ కొడుతుంది. ఝల్లుమంటుంది తప్ప ప్రాణానికి ముప్పు లేదు. మేక కొత్త వస్తువు ఏది కనపడ్డా మూతితోనే పలకరిస్తుంది, మనకు కావాల్సింది కూడా అదే. ఒంటి మీద బొచ్చుకు తగిలితే అంతగా తెలియదు, తడి మూతికి తగలాలి. తీగ వెనక జాలీ ఉండటం నీ అదృష్టం. ఉత్త తీగలే ఉంటే మొదటి దెబ్బకు బెదిరి కొన్ని ముందుకే దూకుతాయి. వెనక అడ్డం ఉంటే వెనక్కే తగ్గుతాయి. మొదటి రెండు రోజులు దగ్గరుండి చూడు.

జట్కా మిషను పెట్టినవాళ్ళలో చాలామంది నాలుగు నెలలకే "పనిచేయడం లేదు" అంటారు. మిషను బాగానే ఉంటుంది, ఎర్తు ఉండదు. మన ఎర్రచెలక మార్చి దాటితే ఎముకలా ఎండిపోతుంది, కరెంటు తిరిగి రావడానికి నేలలో తడి ఉండదు. 5, 6 అడుగుల ఇనుప కడ్డీలు మూడు, పదేసి అడుగుల ఎడంతో దిగ్గొట్టి, ఎండాకాలం రోజూ బిందెడు నీళ్ళు పోయి. వానాకాలం దీనికి తలకిందులు: గడ్డి పెరిగి తీగకు తగిలి దెబ్బంతా నేలలోకి పోతుంది. టెస్టరు ఒకటి పెట్టుకో, 4,000 వోల్టులకు తగ్గితే మేక లెక్కచేయదు. ఇంకో మాట, దయచేసి తేలిగ్గా తీసుకోకు. మిషను లేకుండా ఇంటి కరెంటు, మోటారు కరెంటు నేరుగా తీగకు తగిలించొద్దు. అడవి పందుల కోసం అలా పెట్టిన తీగలకు మన రెండు రాష్ట్రాల్లో రైతులే పోతున్నారు. అది నేరం కూడా.

పచ్చకంచె గురించి అడిగావు. సీమచింత పెట్టకు, అది మేకకు విందు భోజనం. గచ్చ, వాక్కాయ, కిత్తనార బయటివైపు వేసుకోవచ్చు, మూడు నాలుగేళ్ళు ఓపిక కావాలి. కాడజెముడు ముట్టవు గానీ దాని పాలు కళ్ళలో పడితే మనకే ప్రమాదం, కొట్టేటప్పుడు జాగ్రత్త. అడ్డసరం కూడా ముట్టవు. దాని శాస్త్రీయ నామంలో ఉన్న 'అధాతోడ' అనే మాట తమిళంలో 'మేక ముట్టనిది' అనే అర్థం నుంచి వచ్చిందే. ముళ్ళు లేవు కాబట్టి అది ఆపదు, కానీ జాలీ అవతల ఒత్తుగా పెంచితే మిర్చి చేను మేకల కంటికి కనపడదు. కనపడనిదాని మీద ధ్యాస తగ్గుతుంది. అది పెరిగేలోపు జాలీకి బయటివైపు గ్రీన్ నెట్ కట్టుకో. లోపలివైపు కట్టావంటే దాన్ని కూడా నమిలేస్తాయి, ఆ దారాలు కడుపులో చుట్టుకుంటాయి.

ఇవన్నీ చేశాక కూడా ఒకటి మిగులుతుంది. ప్రతి మందలో ఉంటుంది. కడుపు నిండా తిన్నా, కంచె ఎంత గట్టిగా ఉన్నా, దానికి అవతలే కావాలి. మా పెద్దలు అలాంటిదాని మెడకు గుదికర్ర కట్టేవాళ్ళు, పరిగెత్తితే మోకాళ్ళకు తగిలేటట్టు. మెడ చుట్టూ మూడు కర్రలు త్రికోణంగా కట్టినా సందుల్లో దూరలేదు. ఇవి కొన్నాళ్ళు పనిచేస్తాయి. ముందరికాళ్ళకు బంధం మాత్రం మన రాళ్ళ నేలలో వద్దు, పడితే కాలు విరుగుతుంది. తాడేసి గుంజకు కట్టడం కూడా నువ్వు దగ్గర ఉన్నంతసేపే. చెట్టు చుట్టూ తిరిగి మెడకు ఉరి పడ్డ మేకను నేను ఒకదాన్ని విప్పాను, అప్పటికే ఆలస్యమైంది. తిరిగే రింగు ఉన్న గొలుసు వాడు, చుట్టూ చెట్టూ రాయీ లేని చోట కట్టు.

ఇవేవీ కుదరకపోతే అమ్మెయ్. పాలు ఎక్కువిస్తుందనీ, కవలలు ఈనుతుందనీ మా బోడిదాన్ని నేను రెండేళ్ళు అట్టేపెట్టుకున్నా. ఆ రెండేళ్ళలో దాని పిల్లలతో కలిపి ఏడు మేకలకు మోకాళ్ళ మీద దిగడం నేర్పింది. గొర్రెదాటు అంటారు గానీ మేకలు గుడ్డిగా వెంట పోవు. చూసి నేర్చుకుంటాయి, నేర్చుకున్నది మర్చిపోవు. చివరికి దాన్ని అమ్మినప్పుడు కొన్నాయనకు దాని గుణం చెప్పే అమ్మాను. నాలుగు వందలు తగ్గించుకున్నాడు, న్యాయమే.

పక్క చేలో పడితే మిర్చి పోతుందనే నువ్వు భయపడుతున్నావు. నేను మేక పోతుందని భయపడతాను. మిర్చికీ పత్తికీ వారానికో మందు కొడతారు, ఆ ఆకు తిన్న మేక ఇంటికి తిరిగొస్తుందన్న నమ్మకం లేదు. అవతల జొన్న వేస్తే ఇంకా జాగ్రత్త. లేత జొన్న, వానల్లేక గిడసబారిన జొన్న, కోశాక మోళ్ళకు వచ్చిన పిలకలు తింటే నాము తగులుతుంది. అందులో ఉండేది సైనైడు విషం, గంటలోపే నురగ కక్కి పడిపోతాయి. అనుమానం వస్తే ఇంటివైద్యాలతో టైము పోగొట్టక 1962కు ఫోన్ చెయ్, పశువుల డాక్టరు దగ్గర దానికి విరుగుడు ఇంజెక్షన్లు ఉంటాయి. గింజ కూడా విషంతో సమానమే. ఒక దసరాకు మొక్కజొన్న బస్తాలున్న గది తలుపు నేనే సరిగా వేయలేదు. రెండు మేకలు దూరి కడుపు పగిలేలా తిన్నాయి. మర్నాటికి పళ్ళు కొరుకుతూ, పొట్ట ఉబ్బి, లేవలేక పడున్నాయి. ఒకటి దక్కింది. రెండోది సూడిది, నాలుగు నెలలు దాటింది.

పక్కాయన సంగతికి వస్తే, న్యాయం ఆయన వైపే ఉంది, ఒప్పుకో. 1871 నాటి పశువుల అతిక్రమణ చట్టం ఇప్పటికీ ఉంది, అందులో మేకలూ మేకపిల్లలూ పేరుపేరునా ఉన్నాయి. తన చేలో పడ్డవాటిని పట్టుకుని 24 గంటల్లోపు బందెలదొడ్డికి తోలే హక్కు ఆయనకుంది. 2019లో హుజూరాబాద్‌లో నాటిన మొక్కలు మేశాయని రెండు మేకల్ని పోలీస్ స్టేషన్‌లో కట్టేసి, యజమాని వెయ్యి రూపాయలు జరిమానా కట్టాకే వదిలిపెట్టిన వార్త గుర్తుందా? అందరూ నవ్వుకున్నారు, నేను మాత్రం అదే రోజు గేటు గడియ చూసుకున్నా. ఎకరం మిర్చికి ఆయన పెట్టుబడి లక్ష దాటి ఉంటుంది. పెద్దమనుషులు మళ్ళీ పిలిచేదాకా ఆగకు. నువ్వే వెళ్ళు, పోయిన మొక్కలు లెక్కపెట్టించు, ఎంతో కొంత ముందుకొచ్చి ఇవ్వు. ఏ రోజు మందు కొడుతున్నాడో ముందురోజే చెప్పమని అడుగు, ఆ మందు ప్రభావం పోయేదాకా మేకల్ని కొట్టంలోనే ఉంచి రొట్ట కొట్టుకొచ్చి వేయి. నేను ఇలాగే మా పక్కాయనకు ఏటా రెండు ట్రాక్టర్ల మేక ఎరువు తోలుతున్నాను. ఇప్పుడు నా మేక బయటపడితే ఆయనే మలిపి తోలుకొస్తున్నాడు.

ముందు ఈ వారం పెంటకుప్ప, తొట్టి జరుపు, గేటుకు కొక్కెం వేయి, పొద్దున రొట్ట కట్టు. వీటికి పెద్ద ఖర్చు లేదు. కడీలు, జట్కా మిషను ఆ తర్వాత. రెండు రోజులు కూర్చుని చూశాక ఏ మేక, ఏ చోటు, ఎన్ని గంటలకు అన్నవి మూడూ ఇక్కడే రాయి, ఆ చోటు ఫొటో కింది అంచు కనపడేటట్టు తీసి పెట్టు.